చిలక గొళ్ళెం తలుపు

దివాణం వెనక చింతచెట్టు కింద పాడుపడ్డ నుయ్యి ఉంది చూశారూ, గొడ్లు కాసేవాళ్ళు కూడా దాని పక్కన నడవరు, చుట్టూ తిరిగే వస్తారు. దివాణం చిన్నకోడలు అందులో దూకిందని, అక్కడే తిరుగుతోందని చెప్పుకుంటారు. ఎందుకు దూకిందర్రా అంటే మాత్రం ఎవరికీ తెలీదు. మన ఊళ్ళో ఆడది ఎలా చచ్చిందో చెప్పేవాళ్ళుంటారు గానీ ఎలా బతికిందో చెప్పేవాళ్ళుండరు. కాస్త ముందుకు జరగండి, చెప్తాను.

మన భానోజీ కొత్తిల్లు కట్టాడు కదా. స్లాబు ఇల్లే, మోటారూ గీజరూ అన్నీ ఉన్నవే, కానీ చూడ్డానికి మటుకు జమీందార్ల నాటి లోగిలిలా ఉండాలన్నాడు. అందుకని స్లాబు మీద పెంకులు పరిపించాడు, సిమెంటు స్తంభాలకి టేకు రంగు వేయించాడు, లాంతర్లు వేలాడదీసి వాటిలో కరెంటు బల్బులు పెట్టించాడు. ఆయన భార్య ఇందుమతి కరెంటాఫీసులో పనిచేసేది. ఈ ఇత్తడి గంగాళాలు ఎవరు తోముతారండీ అని అడిగితే, అవి తోమడానికి కాదు, చూడ్డానికి అన్నాడట. తర్వాత ఆవిడే తోమిందనుకోండి.

ఆఖరికి, కూలిపోతున్న దివాణంలోంచి ఒక తలుపు కొనుక్కొచ్చి వెనకగదికి పెట్టించాడు. నల్లటి కర్ర, నిండా లతలు, చిలక ఆకారంలో ఇత్తడి గొళ్ళెం. ఆ గొళ్ళెం బయటివైపే ఉంది, లోపల ఏమీ లేదు. లోపల కూడా ఒకటి బిగించమంటారా అని వడ్రంగి అడిగితే, వద్దు, పాతదాని అందం పోతుంది అన్నాడట. లోపలివైపు, కింద కూర్చున్న మనిషి తల ఆనేంత ఎత్తులో ఒక నూనె మరక ఉంది. పాలిష్ పెట్టిస్తే మళ్ళీ తేలింది, ఇంకోసారి పెట్టించినా తేలింది.

ఇందుమతి మధ్యాహ్నం పూట ఆ గదిలో నడుం వాలిస్తే ఎక్కణ్ణించో సంపెంగనూనె వాసన వచ్చేదట. రెప్పలు బరువెక్కేవి, గది నీళ్ళలో తేలుతున్నట్టుండేది, అప్పుడు ఆ మరక దగ్గర తల ఆనించి ఒకావిడ కూర్చుని కనపడేది. భయం వేయలేదా అంటారేమో, అలిసిపోయిన మనిషిని చూస్తే భయమెందుకు? బజారు ఎలా ఉంటుందమ్మా అని అడిగేదట. ఇందుమతి కలలోనే చెప్పేది, గాజుల కొట్ల సంగతి, బస్టాండులో పల్లీలమ్మే ముసలమ్మ నోటి దురుసు, వానపడితే స్కూటరు ఎక్కడ జారుతుందో అదీ. ఆవిడ కళ్ళు మూసుకుని వినేది, ఆ మలుపు తిరిగాక ఏముంటుంది, ఇంకా చెప్పు అనేది.

ఇల్లు పాతకాలానికి పోయేసరికి ఇంటాయన కూడా దాని వెంటే పోయాడు. పట్టుపంచె కట్టాడు, వెండి గ్లాసు పట్టాడు, ఆ తర్వాత ఆ రోజుల్లో ఆడవాళ్ళు వీధి గుమ్మం దాటేవాళ్ళా అన్నాడు. అప్పుడే ఇందుమతికి పట్నంలో పై ఉద్యోగం వచ్చింది. ఫలానా రోజు సాయంత్రంలోగా చేరాలి, లేకపోతే వేరేవాళ్ళకి పోతుంది. సరిగ్గా ఆ రోజే ఇల్లు చూసి వీడియో తీసుకోవడానికి భానోజీ స్నేహితులు దిగారు. ఆవిడ బ్యాగు కోసం వెనకగదిలోకి వెళ్ళింది, బయట గొళ్ళెం పడింది. తీయండి, ఆలస్యమవుతోంది అంటే, కాసేపే, సరదాకి, ఆ కాలంలో ఇలాగే ఉండేది అన్నాడట భానోజీ. స్నేహితులు నవ్వారు.

తట్టి తట్టి ఇందుమతి తలుపుకి ఆనుకుని కూలబడింది. తల సరిగ్గా ఆ మరక మీదే ఆనింది. అప్పుడు చెవి పక్కనే మెల్లగా వినపడింది.

"మొదటిసారి నేనూ సరదాకే అనుకున్నానమ్మా."

ఇందుమతి ఏడవలేదు. నాతో వచ్చేయండి, బజారు చూపిస్తాను అంది. అంతే, చిలక తనంతట తనే లేచింది, తలుపు తెరుచుకుంది. ఆవిడ బ్యాగు తీసుకుని హాల్లోంచి నడిచి వెళ్ళిపోయింది. స్కూటరెక్కితే వెనక సీటు బరువుకి కిందికి దిగింది, నడుం చుట్టూ చల్లటి చేతులు పడ్డాయి, చేల మధ్య రోడ్డు నదిలా సాగిపోయింది, సంపెంగ వాసన దారంతా పరుచుకుంది. గాజుల కొట్టు దగ్గర స్కూటరు ఒక్కసారి తేలికైంది. తిరిగి చూస్తే జనం, జనంలో ఒక నల్లటి జుట్టుముడి, అంతలో అదీ లేదు. ఇందుమతి వెళ్ళి ఉద్యోగంలో చేరింది.

ఇక్కడ స్నేహితులు వెళ్ళాక, గొళ్ళెం ఎలా ఊడిందా అని భానోజీ గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరకి వేసి చూశాడు. గొళ్ళెం పడింది. ఇత్తడికి మాత్రం అలవాటు ఎక్కడికి పోతుంది? పొద్దుగూకి ఇందుమతి వచ్చి తీసేదాకా అక్కడే. బయటికొచ్చేసరికి జుట్టంతా సంపెంగనూనె. సరదాగా ఉందాండీ అని అడిగిందట ఆవిడ. మర్నాడే ఆ తలుపు ఊడబీకించి దివాణం నూతి మీద మూతగా పెట్టించాడు.

అందుకే చెప్తున్నా, అటు పోకండి. దెయ్యం ఉందని కాదు. ఆ చిన్నకోడలు గొళ్ళెం పెట్టిన గదిలోంచి నూతి దాకా రాగలిగిన మనిషైతే ఊరే దాటిపోయేది కదా. కర్ర పుచ్చింది, కాలేస్తే లోపల పడతారు, చిలక గొళ్ళెం పైవైపునే ఉంది. ఎంత అరిచినా తీయడానికి ఆవిడ లేదు. బజారుకెళ్ళింది.