సున్నపుబట్టీ నూతి దగ్గరి పొడుగు కారు

సున్నపుబట్టీ నూతి వైపు ఈ ఊళ్ళో ఎవరూ వెళ్ళరు. గడ్డి కోసుకునేవాళ్ళు కూడా రోడ్డుకి ఇటుపక్కే కోసుకుని వచ్చేస్తారు, మేకలు అటు వెళ్తే రోడ్డు మీద నిలబడి పిలుస్తారే గాని వెనకాల వెళ్ళరు. నుయ్యి అంటే ఏముంది, సగం పూడిపోయింది, గిలక ఎప్పుడో ఊడిపోయింది, కాని దాని పక్కన చింతచెట్టు కింద ఒక పొడుగు కారు నిలబడి ఉంటుంది చూశారూ, దాని గురించి అడిగారు కాబట్టి చెప్తాను. ముందు ఆంజనేయస్వామికి ఒకసారి దణ్ణం పెట్టుకోండి. పెట్టుకున్నారా. ఇంకొంచెం ఇటు జరగండి, నేను గట్టిగా చెప్పలేను.

అది మన కారే. మా బావగారు, అంటే మీ తాతగారి అన్నగారు పట్టాభిరామయ్య గారు, కొన్నారు. ఆయన భార్య వర్ధనమ్మక్కయ్య, నాకు తోడికోడలు. వాళ్ళకి పిల్లల్లేరు, కాని ఆ మాట ఆవిడ ముందు అనడానికి ఎవరికీ నోరొచ్చేది కాదు, ఎందుకంటే మా పిల్లలందరికీ నీళ్ళు పోసిందీ, ముద్దలు కలిపి పెట్టిందీ, జ్వరాలొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకున్నదీ ఆవిడే. ఆవిడకి ఒకటే కోరిక, ఇంటిల్లిపాదీ ఒక్క బండిలో కూర్చుని ద్వారకాతిరుమల వెళ్ళాలని. ఎడ్లబండిలో సగంమందిమి, బస్సులో సగంమందిమి వెళ్ళి, కొండ కింద ఒకళ్ళనొకళ్ళు వెతుక్కోవడమే సరిపోయేది మాకు.

అలా ఉండగా ఏలూరులో ఎవరి ఇంట్లోనో పెద్ద కారు ఉందని, పాతదే కాని కొత్తదానిలా ఉందని బ్రోకరు కబురు తెచ్చాడు. దాన్నేదో స్టేషన్ వ్యాగన్ అన్నాడు, మాకు నోరు తిరగక పొడుగు కారు అన్నాం, అదే స్థిరపడింది. చూడ్డానికి బావగారొక్కరూ వెళ్తే సరిపోయేదా, మేమూ వస్తాం అంటే మేమూ వస్తాం అని అందరం బయల్దేరాం, బస్సులో వెళ్ళడం, కుదిరితే కారులో రావడం. మమ్మల్నందర్నీ గుమ్మంలో చూసి బ్రోకరు, పెళ్ళిచూపులకి కూడా ఇంతమంది రారు కదండీ అని తల పట్టుకున్నాడు.

ఇంటావిడ పేరు మాణిక్యాంబ గారు. భర్త పోయారు, ఒక్కతే ఉంటుంది. షెడ్డులో గుడ్డ తీసి చూపించింది చూడండి, ఏం చెప్పమంటారు, బావగారు చెయ్యి వేయడానికి కూడా జంకారు. ఒక్క గీత లేదు. సీట్లకి ఉతికిన తెల్ల తొడుగులు, ముందు అద్దానికి పసుపు బొట్లు. వెనక పక్క కూడా ఒక తలుపు, అది తీస్తే ఇంకో చిన్న సీటు, పిల్లలు వెనక్కి తిరిగి కూర్చుని దారి చూసుకోవడానికి. ఇన్నేళ్ళు ఇంత భద్రంగా దాచుకున్నది ఎందుకమ్ముతున్నారని అక్కయ్య అడిగితే ఆవిడ, ఏ దారిన వెళ్తారు మీ ఊరికి అని ఎదురడిగింది. సున్నపుబట్టీ మీదుగా అన్నాం. అంతకుముందు వచ్చిన వాళ్ళందర్నీ పంపించేసిందట, మాకు మాత్రం బేరం కూడా లేకుండా ఇచ్చేసింది.

ఒక్క మాట తీసుకుంది. బయల్దేరే ముందు ప్రతిసారీ, అందరూ ఎక్కారా అని అడగాలి. వెనక సీటు వాళ్ళ తరఫున ఇంకొకళ్ళు పలకకూడదు, వాళ్ళంతట వాళ్ళే పలకాలి. ఇదేం షరతమ్మా అని బావగారు నవ్వి, సరే అన్నారు. బావగారు స్టీరింగు పట్టి కారు కదిలించేటప్పుడు ఆవిడ వెనక తలుపు మీద చెయ్యి వేసి, వెళ్ళిరా తల్లీ అంది. కారుతో అంటోంది కాబోలు అనుకున్నాం. లక్ష్మిలా చూసుకున్న బండి మరి.

సున్నపుబట్టీ దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలింది, ఇంజను వేడెక్కింది. అప్పట్లో ఆ నూతికి ఏ పేరూ లేదు, దారిన పోయేవాళ్ళు ఆగి కాళ్ళు కడుక్కునే చోటే అది. మీ తాతగారు నీళ్ళు తోడి ఇంజన్లో పోశారు, పిల్లలు మరమరాలు తిన్నారు, మళ్ళీ ఎక్కాం. బావగారికి షరతు గుర్తొచ్చి, నాటకంలో రాజుగారిలా గొంతు పెట్టి, అందరూ ఎక్కారా అన్నారు. పిల్లలు ఎక్కాం అని అరిచారు. ఆ అరుపు ఆగాక, వెనక తలుపు అవతల నుంచి, చిన్న గొంతు.

"నేనెక్కలేదు."

పిల్లల్ని తడిమి చూసుకున్నాం, మా వాళ్ళందరూ ఉన్నారు. ఎవరో కూలివాళ్ళ పిల్ల అనుకుని అక్కయ్య దిగి వెనక తలుపు తీసింది. ఎవరూ లేరు. ఇంకొకరైతే ఏం చేసేవారు? తలుపు ధడాలున వేసి పోనివ్వండి అనేవారు. అక్కయ్య ఏం చేసిందంటే, రామ్మా, ఎక్కు అంది. అలా అన్నాక కారు వెనక భాగం కొంచెం కిందికి దిగింది, ఎవరైనా కూర్చుంటే దిగినట్టు. తెల్ల తొడుగు మీద తడి. అక్కయ్య మా పిల్లల్ని ముందుకి పంపి, తను ఆ తడి పక్కన కూర్చుంది.

మర్నాడు అక్కయ్య కారు దగ్గరికి వెళ్తే ఆ పిల్ల, మా అమ్మ దగ్గరికి తీసుకెళ్ళండి అందట. ఆవిడ వచ్చి చెప్తే బావగారు నమ్మారు, కాని వరికోతలు మొదలయ్యాయి, కోతలయ్యాక వెళ్దాం అన్నారు. అదే, ఆ కోతలే. ఇంట్లో ఏదైనా ఆలస్యమైనప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

వెళ్ళేసరికి ఏలూరింటికి తాళం. పక్కింటావిడ చెప్పింది, పెద్దావిడ మొన్ననే వెళ్ళిపోయారు, మీరు కారు తీసుకెళ్ళిన దగ్గర్నుంచీ రోజూ అరుగు మీద కూర్చుని దారి చూసేవారు, అని. అసలు సంగతి కూడా ఆవిడే చెప్పింది. వాళ్ళకి శేషు అని ఒక్కతే ఆడపిల్ల. ఒకసారి చుట్టాలతో కారునిండా వస్తూ ఆ నూతి దగ్గర ఆగారు. బయల్దేరేటప్పుడు భర్త అందరూ ఎక్కారా అని అడిగితే, కునికిపాట్లు పడుతున్న మాణిక్యాంబ గారు, ఆ, ఎక్కారండీ అంది. శేషు చేతులు కడుక్కోవడానికి నూతి దగ్గరే ఉండిపోయింది. వెనక్కి వచ్చేసరికి ఏముంది, నూతిలో పిల్ల. ఆయన మళ్ళీ ఆ తాళంచెవి ముట్టుకోలేదు, ఆవిడకి నడపడం రాదు. ఆ కారు ఆ దారిన ఒక్కసారి వెళ్ళి, ఎవరైనా అడిగి, పిల్ల పలికేదాకా ఆగితే చాలని ఆవిడ ఆశ. వెళ్ళిరా అన్నది అందుకు.

ఇదంతా కారు పక్కనే నిలబడి మాట్లాడుకున్నాం, ఏం మనుషులం. లోపలి నుంచి ఆ పిల్ల, అమ్మ ఎక్కడికి వెళ్ళిపోయింది, మళ్ళీ వస్తుందా అని అడిగింది. అక్కయ్య వెంటనే, ఊరెళ్ళిందమ్మా, వచ్చేస్తుంది అంది.

తప్పంటారా? బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటాం, దీపం ఆరిపోతే కొండెక్కింది అంటాం. ఇంటి గడప దాటేవాళ్ళతో వెళ్ళు అనం, వెళ్ళిరా అంటాం. అలా పెరిగిన నోరు పసిపిల్లతో, మీ అమ్మ లేదు అని ఎలా అంటుంది? కాని తర్వాత మన పురోహితులు శాస్త్రులు గారు చెప్పారు, ఉన్నమాట చెప్పి ఉంటే పిల్ల తల్లి వెనకాలే వెళ్ళిపోయేదమ్మా, రెండు రోజులేగా, దారిలో అందుకునేది, మీరు వస్తుందన్నారు గనక కూర్చుండిపోయింది అని.

తిరిగి వస్తూ ఉంటే ఆ నూతి దగ్గర కారు ఆగిపోయింది. మెకానిక్కు వచ్చి అంతా బాగానే ఉందన్నాడు, ఎడ్లని కట్టి లాగించాం, కదల్లేదు. చివరికి వదిలేశాం. అక్కయ్య మాత్రం ప్రతి శుక్రవారం మధ్యాహ్నం వెళ్ళి, కారు తుడిచి, బొట్టు పెట్టి, వెనక సీటు మీద చిన్న గిన్నెలో పెరుగన్నం పెట్టేది. వచ్చిందా అని లోపలి గొంతు, వస్తుందమ్మా అని ఈవిడ. నిజం చెప్పెయ్యవే అని బావగారు బతిమాలేవారు. చెప్తానండీ, వచ్చే శుక్రవారం చెప్తాను అనేది. అమ్మా అని పిలవకపోయినా, తన కోసం ఎదురుచూసే పిల్ల దొరికింది కదా, చెప్తే పోతుందని భయం, పాపం.

బావగారు వెళ్ళిపోయాక అక్కయ్య మంచం పట్టింది. ఒకనాడు నన్ను పిలిచి బండి కట్టించమంది. ఎత్తి వెనక సీట్లో కూర్చోబెట్టాం. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.

"అమ్మొచ్చిందా?"

అక్కయ్య పక్కన సీటు తొడుగు సవరించింది. జన్మలో ఆవిడ నోట ఒక చెడ్డమాట విని ఎరగను. "రాదు శేషూ," అంది. "మీ అమ్మ చచ్చిపోయింది. నువ్వూ చచ్చిపోయావు తల్లీ."

 ఆ పిల్ల ఏడవలేదు, మరి నన్ను అమ్మ దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు అంది. అక్కయ్యేమో, ఇక్కడ ఆపినా బాగుండేది, "నేను తీసుకెళ్తాగా" అంది.

ఆపై శుక్రవారం రాకుండానే అక్కయ్య పోయింది. చూశారా, నేను కూడా వెళ్ళిపోయింది అనకుండా పోయింది అనే అంటున్నాను, ఆవిడ విషయంలో ఇంకోలా చెప్పకూడదని నా నియమం. పెద్దకర్మ అయ్యాక ఒకసారి నేను వెళ్ళాను. గిన్నె కడిగి పెరుగన్నం పెట్టి, ఊరికే, అందరూ ఎక్కారా అని అడిగాను. వెనక సీట్లోంచి రెండు గొంతులు పలికాయి, ఎక్కాం అని. ఎంత సంతోషంగా పలికాయో. నేను కొంగు నోట్లో కుక్కుకుని రోడ్డుదాకా వచ్చేశాను. ఎక్కితే ఏం లాభం చెప్పండి. అక్కయ్యకి కారు నడపడం రాదు.

తాళంచెవి నా దేవుడి గూట్లో, పటం వెనకాల ఉంది. కారుకి ఇప్పటికీ తుప్పు పట్టలేదట, చూసినవాళ్ళు చెప్తారు. సరే, లేవండి, అన్నాలు తిందురుగాని. అటు వెళ్ళకండి. వెళ్ళినా ముందు సీట్లో కూర్చోకండి, ఎక్కారా అని సరదాకి కూడా అడగకండి. వాళ్ళు పలుకుతారు. పలికాక నడపాలి, ఎక్కడిదాకానో నాకు తెలియదు. డ్రైవింగు నేర్చుకున్న వాళ్ళు మరీ ముఖ్యంగా వెళ్ళకండి.