టికెట్ కాడ పొట్టి, ఝూలా కాడ పొడుగు

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాల బకెట్ల కంపెనీ గేటుకు ఎదురుంగ స్వర్ణలత చాయ్ బండి ఉంటది. సాయంత్రం షిఫ్టు అయిపోయినంక పనోళ్లు ఒక చాయ్ తాగి ఇండ్లకు పోతరు. ఉప్పలయ్య నోరు తెరిసిన రోజు మాత్రం రెండోది గూడ తాగుతరు. అందుకే స్వర్ణలత ఆయన కోసం ఒక స్టూలు ఎప్పుడూ ఖాళీగ ఉంచుతది.

ఉప్పలయ్య ఆ కంపెనీల ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతడు. జనగామ దిక్కుకెళ్లి వచ్చి చిల్కానగర్‌ల కిరాయికి ఉంటడు. భార్య పేరు దీప, ఐదేండ్ల బిడ్డ ప్రజ్ఞ. మంచి మనిషి, పనిమంతుడు. గని ఎవలు ఏది అడిగినా "నాకు తెల్వది" అనే మాట మాత్రం ఆయన నోట్లకెళ్లి ఇప్పటిదాంక బయటికి రాలేదు.

ఆ రోజు అడిగింది ప్యాకింగ్ సెక్షన్ దుర్గేష్. ఆయన కొడుకు పృథ్వీ, ప్రజ్ఞ ఒక్క బడికే పోతరు. రింగ్ రోడ్డు అవతల ఝూలాలు, నీళ్ల ఆటలు ఉన్న పెద్ద పార్కు ఉన్నది కదా, ఆదివారం ఆడికి తీస్కపోతనని పోరనికి మాటిచ్చిండు. ఇచ్చినంక ఫోన్‌ల రేటు చూసుకున్నడు. చూసినకాన్నుంచి మనిషి మనిషి లెక్క లేడు. "జర తక్కువల అయ్యే ఉపాయం ఏమన్న ఉన్నదా అక్కా," అని స్వర్ణలతను అడిగిండు.

అడిగింది స్వర్ణలతను. చెప్పుడు మొదలువెట్టింది ఉప్పలయ్య.

"గింత దానికి గంత మొకం ఎందుకు వెట్టినవ్ తమ్మీ? పోయిన దసరా సెలవులల్ల మేం ముగ్గురం పోలేదా? సగం ఖర్చుల పోయి సగం ఖర్చుల వచ్చినం. గొప్ప అని చెప్తలేను, జర బుర్ర వాడితే ఎవడన్న పోయొస్తడు. ముందుగాల ఆదివారం పోవద్దు. ఆదివారం రేటు ఎక్కువ, జనం ఎక్కువ. మంగళారం పోవాలె."

తనకు ఆదివారం ఒక్కటే సెలవని దుర్గేష్ చెప్పిండు.

"అయితే నీ ఖర్మ, ఆదివారమే పో. ఇగ అసలు ముచ్చట ఇను. గేటు కాడ గోడకు ఒక గీత ఉంటది. గీత కింద ఉన్న పిల్లలకు టికెట్ లేదు, గీత దాటితే ఉన్నది. మా ప్రజ్ఞను ఇంట్ల దర్వాజకు నిలవెట్టి కొలిస్తే రెండు వేళ్ల మందం దాటుతున్నది. ఇంకోడైతే ఏం జేస్తడు, ఏడ్సుకుంట టికెట్ కొంటడు. నేనేం జేసిన్నో తెలుసా? గోడకు నిలవెట్టంగనే బిడ్డ చెవుల మెల్లగ చెప్పిన, 'సూదేసే నర్సమ్మ వస్తున్నది' అని. గంతే. మెడ భుజాలల్లకు వోయింది, మోకాళ్లు మెత్తవడ్డయ్, పోరి గీతకు బెత్తెడు కిందికి దిగింది. సెక్యూరిటాయన కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు. మళ్ల కొలిచిండు. నేను మళ్ల నర్సమ్మ అన్న, ఇంకింత దిగింది. మూడోసారి కొలువుమంటే ఆయనే వద్దన్నడు. 'అన్నా, ఇంకా దిగితే పోరి కనవడది, మేం జవాబు చెప్పాల్సొస్తది, తీస్కపో' అన్నడు."

"మరి ఏ బస్సుకు పోయిన్రు అన్నా?" అన్నడు దుర్గేష్.

"బస్సు సంగతి తర్వాత. ముందు సద్ది సంగతి ఇను. లోపటికి తిండి తీస్కపోనియ్యరు. ఆడ కొనుక్కోవాలె. కొంటే టికెట్‌ల మిగిలిందంత సమోసలల్ల పోతది. మా దీప తెల్లారంగనే లేసి పులిహోర కలిపింది, పెరుగన్నం కలిపింది, ఆలుగడ్డ వేపుడు చేసింది. అంత నాలుగు గిన్నెల క్యారియర్‌ల వెట్టి, ఆ క్యారియర్ కడుపుకు కట్టి, మీదికెళ్లి చీర కట్టిపిచ్చిన. ఎట్లున్నదంటవ్? తొమ్మిది నెలలు నిండినట్టే ఉన్నది. నడుస్తుంటే లోపట గిన్నెలు చప్పుడైతున్నయ్, నేను దగ్గుతున్న. గేటు కాడ లేడీ గార్డు చూసింది. సంచి చూస్తదనుకున్నం, సంచి గించి చూడలే. 'అయ్యో అక్కా నిలవడకు' అని చక్రాల కుర్సీ తెచ్చింది, కొబ్బరినీళ్లు తాపింది, లైన్ల నిలవడకుండ పక్క దర్వాజకెళ్లి తోలిచ్చింది. అంత మంచిగనే అయ్యింది గని, ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నొప్పులొచ్చినయ్," అన్నది స్వర్ణలత, పాలు పొంగకుండ ఊదుకుంట.

"నువ్వు నవ్వుతున్నవ్ గని అక్కా, గట్లనే అయ్యింది. ఏ ఝూలా కాడికి వోయినా బోర్డు. కడుపుతోని ఉన్నోళ్లు ఎక్కొద్దని. దీప మొకం చిన్నవోయింది. గింత దూరం వచ్చి ఎక్కకపోతే ఎట్ల? ఇగ తప్పదని ఓ చెట్టు సాటుకు తీస్కపోయిన. కండ్లు మూసి తెరిసేలోపట కాన్పయ్యింది. తల్లి క్షేమం, పులిహోర క్షేమం. లేడీ గార్డు ఉరికొచ్చి ఏం పుట్టిందన్నా అంటే, నాలుగు గిన్నెలమ్మా, నాలుగిట్లకు మూతలు గట్టిగున్నయ్ అన్న. ఆమెకు ఒక గిన్నె మూతల పులిహోర వెట్టిన. తిన్నది. కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నది. అండ్ల మిరపకాయలు జర ఎక్కువైనయ్ గూడ."

బెంచీ మీద ఉన్నోళ్లు నవ్వుతున్నరు. ఇంటికి పోదామని లేసినాయన మళ్ల కూసున్నడు. దుర్గేష్ ఒక్కడే నవ్వుతలేడు. నీళ్లల్ల ఆడాలంటే పోరనికి ఏం బట్టలు వెట్టుకపోవాలె, నూలు బట్టలు పనికి రావంటున్నరు నిజమేనా అని అడిగిండు.

"బట్టలకేమైంది, ఏసుకొని పో. లోపట ఇంకో గీత ఉంటది, అది ముఖ్యం. బయటి గీత టికెట్‌కు, లోపటి గీత ఝూలాకు. పెద్ద ఝూలా ఎక్కాలంటే ఆ గీత దాటాలె. మా పోరి ఇప్పుడే నర్సమ్మ పేరు విని కుదించుకపోయి ఉన్నది, మోకాళ్లు ఇంకా తేరుకోలే. ఝూలా నడిపేటోడు తల అడ్డంగ తిప్పిండు. పోరి ఏడ్సుడు మొదలువెట్టింది. గప్పుడు నేను చెవుల ఏం చెప్పిన్నో తెలుసా? 'ఐస్‌క్రీం' అని చెప్పిన. ఒక్కటే మాట. ముందుగాల మడిమలు లేసినయ్, తర్వాత నడుము సాగింది, తర్వాత మెడ. గీత దాటింది. ఇంకా ఆగుతలేదు. నేను 'చాలు బిడ్డా' అనేవరకు నా భుజం దాంక వచ్చింది. ఝూలా ఆయన లేసి నిలవడి, 'మేడం, మీతోని చిన్నపిల్లలు ఎవలన్న ఉన్నరా' అని దాన్నే అడిగిండు."

"బడిల చూపెట్టకు, పదో తరగతిల ఏస్తరు," అన్నది స్వర్ణలత.

"ఇగ ఎక్కినం. గది మామూలు ఝూలా గాదు, రైలు. పైకి పోతది, తలకిందులైతది, మళ్ల కిందికి దుంకుతది. సరిగ్గ తలకిందులున్న కాడ కరెంట్ పోయింది. రైలు ఆగింది. ముందలున్నోళ్లు ఏడుస్తున్నరు, ఎనకున్నోళ్లు దేవుళ్లను మొక్కుతున్నరు, ఒకాయన జేబుల ఫోన్ కిందవడ్డది, బిల్లు చెప్పుకుంట ఏడుస్తున్నడు. నాకేం ఫికర్? ఎత్తంటే నాకు మా ఇంటి గడప లెక్క. తలకిందులుగనే కాలు మీద కాలేసుకొని చుట్టూ చూసిన. అబ్బ, ఏం కనవడ్డది అనుకున్నవ్? ఉప్పల్ స్టేడియం చాయ్ సాసర్ లెక్క, నాగోల్ కాడ మెట్రో రైలు గొంగళి పురుగు లెక్క. ఇగ చిల్కానగర్‌ల మా అత్త డాబా మీద మిరపకాయలు ఎండవోసి, పక్కనే కునికిపాట్లు పడుతున్నది. అటు సైనిక్‌పురి దిక్కుకెళ్లి నల్లటి మబ్బు వస్తున్నది. 'అత్తా, వానొస్తున్నది, మిరపకాయలు తీయ్' అని ఒక్క కేక ఏసిన. దిగ్గున లేసి తీసింది."

"మీ అత్తకు చెవులు వినవడవు కదనే?" అన్నది స్వర్ణలత.

"గందుకే గట్టిగ ఏసిన." ఉప్పలయ్య చాయ్ ఒక గుక్క తాగిండు. "ఇగ రైలు సంగతి. బిడ్డను ఒక సంకల వెట్టుకొని, బెల్టు ఇడిసి, పట్టా మీద కాలు వెట్టి, ఇంకో చేత్తోని ఒక్క తోపుడు తోసిన. నేను దినాం కంపెనీల లేపే బరువు ముందల అదెంత? కదిలింది. కదిలి కిందికి పోయింది, మళ్ల పైకి వచ్చింది, ఆగుతలేదు. ఆ తిరుగుడుకు ఏమైందో తెలుసా? కరెంట్ ఎనకకు పుట్టింది. పార్కుల లైట్లు వెలిగినయ్, అవతల ఊరి మోటర్లు నడిసినయ్, ఇటు ఉప్పల్‌ల కరెంట్ పోయిన ఇండ్లల్ల గూడ ఫ్యాన్లు తిరిగినయ్. కరెంటోళ్లు ఫోన్ చేసి, అన్నా జర మెల్లగ తిప్పు, మీటర్లు పగులుతున్నయ్ అన్నరు. కిందికి దిగేవరకు పార్కు ఓనర్ ఉరికొచ్చి నా చేతులు వట్టుకున్నడు. టికెట్ పైసలు వాపస్ ఇచ్చిండు. పార్కుకు మేనేజర్‌గ ఉండమని బతిలాడిండు. మా సూపర్‌వైజర్ బాధపడ్తడు, వద్దన్న. కనీసం ఇదన్న తీస్కో అని జిందగీ మొత్తానికి పాస్ రాసిచ్చిండు. నాకు, నా ఇంటోళ్లకు, నేను ఎవలను పంపితే వాళ్లకు. ఎప్పుడొచ్చినా రూపాయి లేదు."

దుర్గేష్ గ్లాసు కింద వెట్టిండు.

"మంచిగైంది అన్నా. ఆ పాస్ ఆదివారం నాకియ్యి. సోమవారం వాపస్ ఇస్త."

ఉప్పలయ్య స్టూలు జరంత ఎనకకు జరుపుకున్నడు. "ఇయ్యకపోతనా? గని అది అల్మారిల ఉన్నది. తాళంచెవి దీప దగ్గరుంటది. ఆమె ఏడ వెట్టిందో ఏమో."

"వదిననే అడుగుదాం," అని దుర్గేష్ గ్లాసు పక్కకు బోర్లేసి ఉన్న తన ఫోన్ తీసి తిప్పి స్పీకర్ వెట్టిండు. అది మోగలేదు. అప్పటికే లైన్ల ఉన్నది. "వదినా, విన్నవా? తాళంచెవి ఉన్నదా?"

"విన్న తమ్మీ," అన్నది దీప గొంతు. "తాళంచెవి నా కొంగుకే ఉన్నది. గని ముందుగాల మీ అన్నను ఒకటి అడగాలె. ఏమయ్యా, నేను కన్న నాలుగు గిన్నెలకు పేర్లు వెట్టినమా లేదా?"

బెంచీ మీద ఒకాయనకు చాయ్ ముక్కులకెళ్లి వచ్చింది. దుర్గేష్ జరంత మొకమాటంగ చెప్పిండు. బస్సు అడిగితే సద్ది సంగతి చెప్తున్నవ్, ఇగ లాభం లేదని వదినకు ఫోన్ కలిపిన, బట్టల సంగతన్న చెప్తదని. ఆమెకు అప్పుడే కడుపుకు క్యారియర్ కట్టుడు వినవడ్డది, లైన్ కట్ చెయ్యకు తమ్మీ అన్నది.

బట్టల సంగతి తనకు గూడ తెల్వదని దీప చెప్పింది. ఎందుకంటే వాళ్లు ఆ పార్కుకు ఎన్నడూ పోలేదు. దసరా సెలవులల్ల పోదామనుకున్నరు. పైసలు ఆమె ముందుగాల్నే పక్కకు వెట్టింది. పొద్దుగాల తయారైనంక ఈయన జనం ఎక్కువుంటరు అన్నడు. ఇంకోసారి ఎండ అన్నడు, మరోసారి రేటు పెరిగింది అన్నడు. ప్రజ్ఞ కొత్త గౌను ఏసుకొని గడప మీద కూసొని, ఇప్పితే ఏడుస్తనని ఆ గౌన్ల నిద్రపోయింది.

"రేటు గాదు, ఎండ గాదు తమ్మీ," అన్నది దీప. ఆమె గొంతుల కోపం ఏం లేదు. "అంతకు ముందు నుమాయిష్ ఎగ్జిబిషన్‌ల జెయింట్ వీలు ఎక్కినం. అది ఇంకా సగం గూడ లేవలేదు, మీ అన్న నా చెయ్యి వట్టిండు. నా గాజులు పలిగినయ్. కండ్లు మూసుకొని ఆపుమని అరిస్తే వీలు తిప్పేటోడు ఆపి దింపిండు. ప్రజ్ఞ కిందికి దిగి మీ అన్న వీపు రాసింది. గప్పటికెళ్లి పార్కు అంటే ఈయనకు ఏదో ఒకటి అడ్డం వస్తది."

నవ్వుతున్నోళ్లు ఆగిన్రు. ఉప్పలయ్య గ్లాసులకు చూస్తున్నడు, అండ్ల చాయ్ లేదు. స్వర్ణలత దాని నిండ పోసింది.

ఆదివారం దుర్గేష్ వాళ్లతోని తను, ప్రజ్ఞ పోతమని దీప చెప్పింది. వస్తే రమ్మను, రాకపోతే ఇంట్ల పండుమను, మేం ఏమనుకోం అన్నది. అందరు ఉప్పలయ్య దిక్కు చూసిన్రు.

ఆయన మెల్లగ దుర్గేష్‌ను అడిగిండు. "తమ్మీ, ఆడ భూమి ఇడిసిపెట్టనిది ఏదన్న ఉంటదా? పైకి లేవనిది?"

చిన్నపిల్లల బొమ్మరైలు ఉంటదని దుర్గేష్ చెప్పిండు. నేల మీదనే పోతది, మనిషి నడిసినంత జోరుగ. పెద్దోళ్లు పిల్లలతోని కూసోవచ్చు.

"అండ్ల కూసుంట," అన్నడు ఉప్పలయ్య. "ప్రజ్ఞను మధ్యల కూసోవెట్టు దీపా. నేను దాని పక్కకు."

"సరే," అన్నది దీప. ఆ ఒక్క మాటల ఆమె ఎంత సంబురపడ్డదో బెంచీ మీదున్న అందరికి తెలిసింది.

ఉప్పలయ్య చాయ్ ఊదుకుంట తాగిండు. సగం అయ్యేవరకు వీపు నిటారుగైంది. గ్లాసు అయిపోయేవరకు స్టూలు జరంత ముందలికి జరిగింది.

"రైలంటే గుర్తొచ్చింది తమ్మీ," అన్నడు. "మౌలాలి యార్డుల ఒకసారి బ్రేకులు ఫెయిలైన గూడ్స్‌కు నేను ఎదురువోయిన. ఒక్క చేత్తోని. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

దీప లైన్ కట్ చేసింది.