నదికి సెలవిచ్చేవాడు

కెంచనగుడ్డ రేవులో తుంగభద్ర గంటగంటకూ పైకెక్కుతోంది. గుండ్రటి పుట్టి పడవ నడిపే హులిగప్ప తాడు విప్పనంటాడు. ఎస్తేరమ్మ ఒడ్డు వదిలి కదలనంటుంది.

“డ్యాము గేట్లు ఎత్తినారంటమ్మా. ఈ పొద్దు వద్దు.”

“అవతల గట్టున నా కూతురు రెండు దినాలుగా కానుపు నొప్పులు పడతాండాది. ఏసయ్య ఉండాడు, పుట్టి తియ్యప్పా.”

“గేట్లు ఇంజనీరు చేతిలో ఉండాయి. మీ ఏసయ్య ఏం చేస్తాడు?”

“ఆ ఇంజనీరు ఎవురి చేతిలో ఉండాడు?”

“అంటే నదిని నిలబెడతాడా?”

“నిలబెడతాడని నేననలేదు. ఏలతాడని అంటాండా. ఆయన సెలవు లేకుండా ఒక్క అల లేయదు.”

హులిగప్ప గొంతు తగ్గించాడు. “పోయినేడు మీ ఇంటాయన్ని నీళ్లు తీసుకునింది ఈడనే కదమ్మా?”

“నీళ్లు కాదప్పా.”

“మరి ఎవురు?”

“ఆ ఏసయ్యే. నీళ్లకు అంత అధికారం యాడిది?”

“అట్లాంటాయన్నే నమ్ముకుని మళ్లా ఎక్కుతావా?”

“ఇంకెవుర్ని అడగల్ల? ఈ నది ఇంకెవురి మాట ఇంటాది?”

ఆమె వెళ్లి పుట్టిలో కూర్చుంది. ఇంతసేపూ హులిగప్ప భయపడింది నదికే. ఇప్పుడు దాన్ని ఏలేవాడికి భయపడ్డాడు. ఆ భయంతోనే తాడు విప్పి, అవతలి గట్టు తగిలేదాకా తెడ్డు ఆపలేదు.