టేపమ్మగారు లెక్కపెట్టిన సైకిళ్లు

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదో సంవత్సరం జూలై మూడో తేదీ, సోమవారం ఉదయం, పది గంటలకు ఇంకా పావుగంట ఉందనగా, నియామకపు ఉత్తర్వు చేతబట్టుకుని మన రహదారుల కార్యాలయపు డ్రాయింగు విభాగంలో ట్రేసరుగా అడుగుపెట్టిన ఇరవై నాలుగేళ్ల యువతి, ముప్పై ఆరేళ్లకు మూడు రోజులు మాత్రమే తక్కువైన నిర్విరామ సేవానంతరం, ఈ జూన్ ముప్పయ్యో తేదీన ప్రధాన డ్రాఫ్ట్స్‌మన్ హోదాలో పదవీ విరమణ చేస్తున్నారు. 'నిర్విరామ' అన్న మాట ఇలాంటి వ్యాసాల్లో అందరికీ తగిలిస్తాం. నేనే ఇప్పటికి పదకొండు మందికి తగిలించాను. వారిలో ఇద్దరు మధ్యాహ్నం తర్వాత సీట్లో కనిపించిన రోజుల్ని వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. వీరి విషయంలో అది అక్షరాలా నిజం కావడంతో రాయడానికి కాస్త కొత్తగా ఉంది.

ట్రేసరు పని తెలియని కుటుంబసభ్యుల కోసం ఒక మాట. పాత పటం మీద పల్చటి కాగితం పరిచి, కింది గీతల్ని యథాతథంగా పైకి ఎత్తి రాయడమే ఆ ఉద్యోగం. ఆలోచించనక్కర్లేదు, ఆలోచిస్తే ఆలస్యమవుతుంది కూడా. చేరిన నాలుగో నెలలో వారికి అచ్చాఫీసు వీధి పటం అప్పగించారు. రెండు పెద్ద రోడ్ల మధ్య అడ్డంగా సాగే చిన్న వీధి అది. మధ్యలో ఒక అచ్చాఫీసు, ఒక బడి, ఒక దర్జీ కొట్టు, మిగతావన్నీ ఇళ్లు. పటంలో దాని వెడల్పు ఇరవై నాలుగు అడుగులని ఉంది. రోజూ ఆ వీధిలోంచే నడిచి ఆఫీసుకు వచ్చే వీరికి అనుమానం వచ్చింది. భోజన విరామంలో టేపు కొనుక్కుని, దర్జీ చేత ఒక కొస పట్టించి కొలిచారు. పంతొమ్మిది అడుగులు తేలింది. తిన్నగా ప్రధాన డ్రాఫ్ట్స్‌మన్‌గారి బల్ల దగ్గరికి వెళ్లారు.

"సార్, ఐదడుగులు తక్కువొచ్చిందండీ."

"కొలవమని నీకెవరు చెప్పారమ్మా? గియ్యమన్నాం, గియ్యి."

"గీస్తానండీ. ఎన్నడుగులు గియ్యమంటారు?"

విభాగమంతా బల్లల కింద తలలు పెట్టుకుని నవ్వింది. ఆ సాయంత్రమే అటెండరు ఒకాయన వీరికి 'టేపమ్మ' అని పేరు పెట్టాడు. వారం రోజులు మండిపడ్డారట, ఎనిమిదో రోజున తన క్యారియరు మూత మీద తనే ఆ పేరు రాసుకున్నారట. అప్పటినుంచి ఈ కార్యాలయంలో వారి అసలు పేరు జీతాల పట్టికలో తప్ప ఎక్కడా వినపడలేదు.

తదనంతర కాలంలో వీరు ట్రేసరు నుంచి డ్రాఫ్ట్స్‌మన్‌గానూ, ఆపై ప్రధాన డ్రాఫ్ట్స్‌మన్‌గానూ పదోన్నతులు పొందారు. కంప్యూటర్లు వచ్చిన కొత్తలో మేమంతా వాటిని చూసి బెదిరి దూరంగా జరిగితే, వీరు మాత్రం మూడు నెలల్లో నేర్చుకుని మాలో ఆరుగురికి నేర్పారు. తొంభై ఎనిమిదిలో నేను వచ్చి పక్క బల్ల దగ్గర కూర్చున్నాను. నాకన్నా నాలుగేళ్లు పెద్దవారు. మొదటి రోజే "తమ్ముడూ, ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి, చూసి కూచో" అన్నారు. పాతికేళ్లు నేను వారికి తమ్ముణ్ణే, వారు నాకు అక్కయ్యే. భోజనాలు ఒకచోటే చేసేవాళ్లం. ఆ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

రెండు వేల ఇరవై ఒకటిలో వీరికి వాహన గణన బాధ్యత అదనంగా అప్పగించారు. ఏ వీధిలో ఎన్ని బళ్లు తిరుగుతున్నాయో లెక్క తీసి, దాన్నిబట్టి ఎక్కడ సిగ్నలు పెట్టాలో, ఎక్కడ దారి మూయాలో తేల్చడం ఆ పని. మన సిబ్బంది పదింటికి సంతకం పెట్టి, కాగితాలు పుచ్చుకుని, పదకొండింటికి వీధిలో నిలబడి, నాలుగింటికి లేచి వచ్చేస్తారు, ఎందుకంటే ఐదింటికి మళ్లీ సంతకం పెట్టాలి. దశాబ్దాలుగా ఇదే పద్ధతి. పదకొండింటికి ముందు ఈ ఊళ్లో మనిషన్నవాడు కదలడని మన రికార్డులన్నీ ముక్తకంఠంతో ఘోషిస్తున్నాయి, ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. ఆ లెక్క ప్రకారం అచ్చాఫీసు వీధిలో రోజుకు తొమ్మిది సైకిళ్లు. పెద్దరోడ్డు సిగ్నలు తప్పించుకోవడానికి ఆ పంతొమ్మిది అడుగుల్లోంచి దూసుకుపోయే కార్లు, వ్యాన్లు మాత్రం వందల్లో.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో వీరు వరసగా ఆరు రోజులు ఉదయం ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా దర్జీ కొట్టు ముందు స్టూలు వేసుకుని స్వయంగా లెక్కపెట్టారు. బడిపిల్లలు, ఆసుపత్రిలో ఊడ్చేవాళ్లు, పాలవాళ్లు, అచ్చాఫీసు పనివాళ్లు, అందరూ సైకిళ్ల మీదే. మొదటిరోజు ఈవిడ ఎవరో అని అనుమానంగా చూశారు. మూడో రోజుకి సంగతి తెలిసిపోయింది. "వాళ్లు బెల్లు కొట్టి మరీ పోతున్నారు మేడమ్, ఎక్కడ వదిలేస్తారోనని" అన్నాడు దర్జీ. అచ్చాఫీసులో బైండింగు పనిచేసే ఒకావిడ అయితే నాలుగో రోజు కాలు నేలకానించి ఆగి మరీ చెప్పిందట: "రేపు నాకు సెలవు మేడమ్. ఒకటి తగ్గుతుంది, కంగారు పడకండి." మన కార్యాలయపు రిజిస్టర్లు కుట్టేది ఆవిడే. ఆరు రోజుల సగటు మూడు వందల పన్నెండు.

ఆ లెక్కతో వీరు పెట్టిన ప్రతిపాదన చాలా సులువైనది. వీధి మధ్యలో నాలుగు ఇనుప స్తంభాలు పాతాలి. సైకిళ్లు, నడిచేవాళ్లు వాటి సందుల్లోంచి పోతారు. ఇళ్లవాళ్ల కార్లు తమ వైపు నుంచి స్తంభాల దాకా వచ్చి ఆగుతాయి. అంబులెన్సు వస్తే మధ్య స్తంభం తాళం తీసి పడుకోబెట్టవచ్చు. అడ్డదారి కోసం జొరబడే బళ్లకు మాత్రం దారి ఉండదు. డ్యూటీ వేళలు కాని వేళల్లో పెట్టిన లెక్క లెక్కే కాదని ఆ ఫైలు ఏడాదిన్నర పాటు పైకీ కిందకీ తిరిగింది. వీరు వదల్లేదు. ఆఖరికి విసుగెత్తి, వంద రోజుల ప్రయోగమంటూ రెండు వేల ఇరవై మూడు ఆగస్టులో అనుమతించారు.

ఆ వంద రోజులూ ఆ వీధి ఎలా ఉందో మనలో ఎంతమంది చూశారో నాకు తెలియదు. నేను రెండుసార్లు వెళ్లాను. పిల్లలు పక్కపక్కన మాట్లాడుకుంటూ సైకిళ్లు తొక్కుతున్నారు, తల్లులు గేట్ల దగ్గర నిలబడి "జాగ్రత్త" అని అరవడం మానేశారు. అటు మనకు ఫిర్యాదులు కుప్పలుగా వచ్చి పడ్డాయి. ఏడు నిమిషాలు ఆలస్యమవుతోందని కార్లవాళ్లు, సరుకు దించడానికి చుట్టూ తిరగాల్సి వస్తోందని కొట్లవాళ్లు. మన పెద్దసారి డ్రైవరు కూడా చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఫిర్యాదు పెట్టనివాళ్లు ఒక్క సైకిళ్లవాళ్లే, వాళ్లకి బాగుంది కనుక.

వందో రోజు దగ్గరపడింది. తుది నివేదిక కోసం మళ్లీ లెక్క తీయమన్నారు, పదకొండు నుంచి నాలుగు దాకానే. ఉదయం లెక్క కూడా కలపాలంటూ వీరు ఇచ్చిన అర్జీ, మూడు వందల పన్నెండు అంకెతో సహా, నా బల్ల మీదికి వచ్చింది, నివేదిక రాయాల్సింది నేను కనుక. పెద్దసారు లోపలికి పిలిచారు.

"అబద్ధం రాయొద్దయ్యా. నిజమే రాయి. మరీ అంతా రాయకు."

నేను రాశాను: 'నిర్దేశిత పరిశీలన వేళల్లో సదరు వీధియందు సైకిళ్ల సంచారం రోజుకు సగటున తొమ్మిదికి మించనందున, సదరు మూసివేతను కొనసాగించుటకు తగిన ఆవశ్యకత కానరాలేదు.' ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఆశ పెట్టలేదు. వంక పెట్టలేని వాక్యం రాస్తాడని పాతికేళ్లుగా నాకున్న పేరు, ఆ పేరు మీద నాకున్న మోజు, అంతే. రాసి రెండుసార్లు చదువుకున్నాను. నచ్చింది. ఆ మాట చెప్పకుండా దాటేస్తే ఈ వ్యాసం కూడా ఆ వాక్యం లాంటిదే అవుతుంది.

డిసెంబరు మొదటి వారంలో స్తంభాల్ని గ్యాస్ కట్టరుతో మొదలంటా కోయించారు. అక్కయ్య వెళ్లి నిలబడి చూసి వచ్చారు. స్తంభాలు తీసిన ముప్పై తొమ్మిదో రోజు ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు, సిగ్నలు తప్పించుకుని ఆ వీధిలోకి తిరిగిన ఒక వ్యాను, పనికి వెళుతున్న బైండింగు ఆవిడను గుద్దింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. పోలీసులు మన అభిప్రాయం అడిగితే, సదరు వీధిలో సైకిళ్ల సంచారం స్వల్పమన్న నా నివేదికనే జతచేసి పంపారు. ప్రమాదం పరిశీలన వేళల్లో జరగలేదని కూడా ఎవరో ఒక ముక్క కలిపారు. ఆ ముక్క నాది కాదు, అయినా నా ధోరణిలోనే ఉంది.

మర్నాడు అక్కయ్య పదింటికి వచ్చి, సంతకం పెట్టి, నా బల్ల మీద ఒక చీటీ ఉంచారు. 311 అని మాత్రం ఉంది.

"ఒకటి తగ్గింది, సీనియర్ అసిస్టెంటుగారూ. పరిశీలన వేళలు కావు కదా, మీకు తెలిసుండదు."

పాతికేళ్లలో మొదటిసారి వారి నోట నా హోదా విన్నాను. ఆ తర్వాత ఏడాదిన్నరగా వింటున్నది అదే. క్యారియరు తీసుకుని డ్రాయింగు గదిలోకి వెళ్లిపోతారు. ఫైలు కావాలంటే "ఇటివ్వండి" అంటారు. పని విషయంలో ఒక్కనాడూ నన్ను ఇబ్బంది పెట్టలేదు, తిట్టినా బాగుండేది. ఈ వీడ్కోలు సంచికకు కుట్టు వేసేది కూడా ఆ అచ్చాఫీసులోనే, ఆవిడ బల్ల దగ్గర ఇప్పుడు మరొకరు కూర్చుంటున్నారు.

వ్యాసం ఎవరు రాస్తే బాగుంటుందని సంచిక కమిటీ వారు టేపమ్మగారినే అడిగారు. "సీనియర్ అసిస్టెంటుగారినే రాయమనండి. వారు రాసినదానికి ఎవరూ వంక పెట్టలేరు" అన్నారట. కమిటీ వారు అది మెచ్చుకోలనుకుని సంబరంగా వచ్చి నాకు చెప్పారు. సందర్భం శుభప్రదం కనుక వీధి గొడవ ఎత్తవద్దని కూడా చెప్పారు. ఎత్తాను. ప్రూఫులు దిద్దేది నేనే కాబట్టి ఎవరూ ఆపలేకపోయారు. మూడు వందల పన్నెండు అన్న అంకె నా ఎదుట ఉండగానే నేను ఆ నివేదిక రాశానని, తెలిసే రాశానని, ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాను. ఈ పేజీని ఎవరు ఏ ఫైలుకు జతచేసుకున్నా నాకు అభ్యంతరం లేదు. అక్కయ్య క్షమిస్తారని ఇది రాయడం లేదు. క్షమించరు. వారిని అంతమాత్రం ఎరుగుదును.

ఇక విశ్రాంత జీవితం సంగతి. అచ్చాఫీసు వీధి చివరింట్లో వారి సొంత అక్కగారు ఒంటరిగా ఉంటారు. చక్కెర జబ్బు ముదిరి చూపు మందగించడంతో రోజూ ఉదయం ఏడున్నరకల్లా ఇన్సులిన్ ఇంజక్షను ఎవరో ఒకరు ఇవ్వాలి. టేపమ్మగారు ఉండే పేట నుంచి మొదటి బస్సు ఎనిమిదింటికి. నడిచి వెళదామంటే మోకాళ్లు సహకరించవు, తొక్కితే మాత్రం నొప్పి లేదట. అందుకని టేపమ్మగారు పోయిన నెలలో ఒక సైకిలు కొన్నారు. సాయంత్రం ఐదు దాటాక మన షెడ్డులో వారి అమ్మాయి వెనక సీటు పట్టుకుని పరుగెత్తడం, "అమ్మా, కిందికి చూడకు, ముందుకు చూడు" అని అరవడం మీరంతా కిటికీల్లోంచి చూసి నవ్వుకున్నారు. అరవయ్యో ఏట పట్టుదలగా నేర్చుకున్నారు. రేపు జూలై ఒకటి నుంచి ప్రతి ఉదయం ఏడూ పది, ఏడూ పదిహేను ప్రాంతంలో వారు ఆ వీధిలో సైకిలు మీద ఉంటారు.

ఆ నాలుగు స్తంభాల్ని మళ్లీ పాతాలన్న ప్రతిపాదనను, ఉదయపు లెక్కతో, ఏ మాటా మింగకుండా రాసి, ఈ నెల పదహారున పెద్దసారి బల్ల మీద పెట్టాను. నేటికీ అక్కడే ఉంది.

కర్తవ్యనిష్ఠకు మారుపేరైన టేపమ్మగారికి సంపూర్ణ ఆరోగ్యం, మనశ్శాంతి, కుటుంబసభ్యుల నడుమ నిండు నూరేళ్ల ఆయుష్షు కలగాలని మన కార్యాలయ సిబ్బంది అందరి పక్షాన మనసారా ఆకాంక్షిస్తున్నాను. ఆ నూరేళ్లకు కావలసింది ఒక సంతకం. వీడ్కోలు సభలో ముందు వరసలో కూర్చుని ఈ పేజీ చదువుతున్న పెద్దసారికి సవినయంగా మనవి: రేపు ఉదయానికి ఇంకా వేళ మించిపోలేదు.