బీరువాలో ఉండిపోయిన అద్దాలు

ఆ ఏడాది కెమిస్ట్రీ మొదటి క్లాసు ముగిసింది. ల్యాబ్ తెరవనని, పాఠాలన్నీ బోర్డు మీదే చెబుతానని టీచరు ప్రకటించింది. పిల్లలంతా వెళ్లిపోయినా ఒక అమ్మాయి మాత్రం కదల్లేదు.

"ఏమ్మా, ఏదైనా అర్థం కాలేదా?"

"కిందటేడు ల్యాబ్‌లో యాసిడ్ పడి కన్ను పోయింది మా అక్కకే, టీచర్."

టీచరు కుర్చీలో కూలబడింది.

"ముఖం చూడగానే అనుకున్నాను. ఎలా ఉందమ్మా తను?"

"బడి మానేసింది. రక్షణ అద్దాలు తనే తీసేసిందని మీరు రిపోర్టులో రాశారు కదా. చేతులారా చేసుకున్నావని నాన్న ఇప్పటికీ దెప్పుతూనే ఉంటారు."

"దానికి తనేమంటుంది?"

"నోరు విప్పదు. నిన్న నాకొక్కదానికే చెప్పింది. ఆ రోజు అద్దాలు బీరువాలోనే ఉన్నాయట. మీరు ఎవరికీ ఇవ్వలేదట."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"మీ ఉద్యోగం పోతుందని. మీరంటే తనకు ప్రాణం, టీచర్."



"నన్ను నిలదీయమని పంపిందా?"

"అయ్యో, లేదు! అద్దాలు అడిగి మరీ పెట్టుకోమంది, అంతే. మీరేమో ల్యాబే మూసేశారు."

"ఆ గదిలోకి వెళ్లాలంటే కాళ్లు ఆడటం లేదమ్మా. మీ నాన్నగారు ఇంటికి ఎన్నింటికి వస్తారు?"

"ఆరింటికి. ఎందుకు, టీచర్?"

"ఆరింటికి నేనూ వస్తాను. ముందు హెడ్మాస్టరు గారితో చెప్పాలి. నువ్వూ తోడు రామ్మా. ఒక్కదాన్నే వెళ్తే మళ్లీ అబద్ధమే చెబుతానేమో."