ఐసక్క వేలికి తెలిసిన చేపముద్ద

1994 జూన్ మూడవ తేదీన ఈ ఆహార పరిశోధనశాలలో చేపలు శుభ్రపరిచే ఉద్యోగినిగా చేరి, ముప్పై సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్న మా ఐసక్క గారికి హృదయపూర్వక అభినందనలు. నిత్యం ఐసునీళ్లలో నానే చేతులను బట్టి వచ్చిన పేరది. వీడ్కోలు సంచికలో రాసే ఇటువంటి వ్యాసంలో కోపం శోభించదని ఈ వ్యాసకర్తకు తెలుసు. అయినా దాచుకోవడం అతని వల్ల కావడం లేదు.

తొలి ఇరవై ఏళ్లు ఆమె చేపమాంసాన్ని కడిగి, ఉప్పువేసి రుబ్బి, జిగురుముద్ద చేయడంలోనే గడిపారు. పిమ్మట ఆ ముద్దను సన్నని ధారగా వదులుతూ పొరలు పేర్చి చేప ఆకారం తెచ్చే ముద్రణ యంత్రం వచ్చింది. మింగలేక గంజితోనే కాలం గడుపుతున్న నలభైమంది ఆసుపత్రి రోగులకు, మెత్తగా గొంతు దిగే చేపను కంచంలో చూపాలన్నది సంకల్పం.

తొలిరోజు ముద్రించిన చేప కాస్తా కూలబడింది. యంత్రం చూసే ఇంజనీరైన ఈ వ్యాసకర్త ముద్ద ధారగా వచ్చే నాజిల్‌ను మూడుసార్లు మార్చి, చివరకు తప్పంతా ఆమె మీదికి నెట్టాడు. గిన్నె అంచున పెట్టిన థర్మామీటరు అంతా చల్లగానే ఉందంటోంది. ఆమె ముద్ద నడుమ వేలు దింపి చూశారు.

"రుబ్బేటప్పుడు లోపల వేడెక్కి జిగురు చచ్చింది బాబూ. ఇక నువ్వు ఎన్ని మార్చినా నిలబడదు. పద, మళ్లీ మొదట్నించీ చేద్దాం."

చేశారు, నిలబడింది. ఆ వారం ఆసుపత్రిలో ఒక పెద్దాయన కంచం చూసి, "తోక కూడా పెట్టారే!" అన్నారట. ఆ మాట ఐసక్క గారు నెల రోజులపాటు కనబడ్డవారికల్లా చెప్పుకున్నారు.

ఇంతటి విద్యను మరొకరికి నేర్పనివ్వండని ఆమె మూడేళ్లుగా అర్జీలు పెడుతుంటే యాజమాన్యం ఏమంది? "మిషనుందిగా, మళ్లీ మనిషెందుకు?" అంది. ఆమె పోస్టు రద్దు చేసింది. తీరా ముద్ద చేసేవారు లేరంటూ, రేపటి నుంచి ఆసుపత్రికి సరఫరా ఉండదని నోటీసు అంటించి, దాని పక్కనే ఆమెకు వీడ్కోలు బ్యానరు కట్టింది. సిగ్గుండాలి! ఈ వాక్యం తీసేయమని సంచిక సంపాదకులు కోరారు. తీసేది లేదు.

యాజమాన్యానికి తెలియని సంగతి ఒకటుంది. ఏడాదిగా భోజన విరామంలో ఈ వ్యాసకర్త ఆమె పక్కన నిలబడి ముద్ద చేసి వేలితో పట్టిచూడడం నేర్చుకుంటున్నాడు. ఎన్నోసార్లు పాడుచేశాడు, అన్నిసార్లూ చీవాట్లు తిన్నాడు. నిన్న మాత్రం ఆమె వేలు దింపి చూశారు. చేతులు తుడుచుకుని, తన ఏప్రాన్ విప్పి అతని చేతికిచ్చారు. రేపు ఉదయం ఏడింటికి అతడు అది కట్టుకుని ఐసునీళ్లలో చేతులు పెడతాడు. ఆపదలచినవారు వచ్చి ఆపుకోవచ్చు.

ఐసక్క గారూ, మీరు ఆయురారోగ్యాలతో, కుటుంబసమేతంగా నిండు నూరేళ్లు సుఖంగా ఉండాలి. ముప్పై ఏళ్లు చలిలో కొంకర్లుపోయిన మీ చేతులు ఇకనైనా వెచ్చగా ఉండాలి. రేపు నలభై కంచాల్లోనూ చేప ఉంటుందక్కా, తోకతో సహా.