పోయినేడాది బండి

ఆదివారం ఉదయం. కరెంటు కారు. స్టీరింగు దగ్గర ఆవిడ, పక్క సీట్లో ఆయన.

"ముందు బెల్టు పెట్టుకోండి. పెట్టుకునేదాకా అది కుయ్ కుయ్‌మంటూనే ఉంటుంది."

"పెట్టుకుంటాలే. నేనడిగినదానికి జవాబు చెప్పు. ఇది ఈ ఏడాది బండా, పోయినేడాది బండా?"

"ఎక్కి ఇంకా వీధి మలుపు కూడా తిరగలేదు."

"ఎక్కకముందే అడగాల్సిన మాట అది. షోరూమ్ అమ్మాయిని అడిగావా, లేదా?"

"మీరే చూసి చెప్పండి. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆసుపత్రి మందుల స్టోరులో తేదీలు చూసిన మనిషి. మీకు నేను చెప్పాలా?"

"చూద్దామనే తలుపు పట్టుకుని నిలబడ్డాను. అంచు మీద చిన్న స్టిక్కరు ఉంటుంది, తయారైన నెల, సంవత్సరం వేసి. తీరా చూస్తే కళ్ళజోడు లేదు. బల్ల మీదే పెట్టినట్టు గుర్తు."

"దొరుకుతుంది లెండి."

"అవునూ, టెస్ట్ డ్రైవ్ అన్నావు. షోరూమ్ వాళ్ళు ఒక్కరూ రాలేదేం?"

"నాకు తోలడం వచ్చుగా."

"వస్తే మాత్రం? బండి చేతికిచ్చి, వెళ్ళి మీ ఆయన్ని ఎక్కించుకోండమ్మా అన్నారా?"

"దాదాపు అంతే."

"ఈ మధ్య షోరూములకి ఎంత నమ్మకమో. నంబరు ప్లేటు కూడా ఉంది."

"నంబరు లేకుండా రోడ్డు మీద ఎలా తిప్పుతారండీ?"

"అదీ నిజమే. నీ నడుం దగ్గర ఆ దిండు మనింట్లోదిలా ఉందే."

"మనదే. నడుం నొప్పి కదా, తెచ్చుకున్నాను."

"టెస్ట్ డ్రైవ్‌కి దిండు."

"మబ్బు లేకపోయినా మీరు గొడుగు పట్టుకెళ్ళరూ? నేనేమన్నా అన్నానా?"

"సరేలే. ఎటు వెళ్తున్నాం?"

"కొండ రోడ్డు. ఎత్తు ఎక్కితేనే కదా బండి సంగతి తెలిసేది."

"అది మంచిపని చేశావు. అద్దాలు ఎక్కించు, చప్పుడు వినాలి... ఊఁ. విన్నావా?"

"ఏమీ వినపడట్లేదు."

"అదే నేననేది. ఇది ఈ ఏడాది బండే. బల్ల గుద్ది చెప్తాను. పోయినేడాదిది నలభై దాటగానే సన్నగా ఈల వేస్తుంది. ఆ వీడియో నీకూ చూపించాను."

"చూపించారు. పదకొండు సార్లు."

"సీటు కూడా చూడు, ఎంత మెత్తగా ఉందో. పాతదాంట్లో ఇలా ఉండదు. మార్చారు. ఒక్క ఏడాదిలో ఎంత మార్చారో చూడు. నేను ఆగుదాం అన్నది ఇందుకే. నువ్వు వింటేగా."

"మూడేళ్ళుగా అదేగా వింటున్నాను. మొదటిసారి బుక్ చేస్తే, వచ్చే ఏడాది బ్యాటరీ పెద్దది వస్తుందని వద్దన్నారు."

"వచ్చిందా, లేదా?"

"వచ్చింది. అది బుక్ చేస్తే, ఛార్జింగ్ సాకెట్టు మారుస్తారట, ఆగుదాం అన్నారు."

"మార్చారా, లేదా?"

"మార్చారు. మూడోసారి ఏమన్నారో గుర్తుందా? ముందు దీపాలు."

"దీపాలు చిన్న విషయం కాదు."

"రోజుకి నాలుగు బస్సులు ఎక్కి దిగేదాన్ని నేను. దీపాలు మీకు చిన్న విషయం కాలేదు. జాగ్రత్త, ఇక్కడ గుంత ఉంది, పైన పట్టుకోండి."

"అబ్బ... ఇక్కడ గుంతుందని నీకెలా తెలుసు?"

"రోడ్డన్నాక గుంత ఉండదా?"

"చూశావా, నడుం అదరలేదు. పోయినేడాదిది అయ్యుంటే ఈపాటికి వెన్నుపూస జారేది."

"ఇది కొనొచ్చంటారా అయితే?"

"ఇదే అయితే కళ్ళు మూసుకుని కొనొచ్చు."

"కళ్ళు మూసుకునా?"

"మాటవరసకి అన్నాను."

"ఇక్కడ నీడగా ఉంది, ఒక్క నిమిషం ఆపుతాను. వెనక సీట్లో నా సంచి అందుకోండి. దాని ముందు అరలో చెయ్యి పెట్టండి."

"ఏముంది ఇందులో? మాత్రలు, రుమాలు, ఇదేమిటి... నా కళ్ళజోడు. ఇది నీ సంచిలోకి ఎలా వచ్చింది?"

"పెట్టుకుని తలుపు తీసి చూడండి."

"నువ్వు తీసి దాచావా?"

"చూడండి ముందు."

"... నవంబరు."

"ఏ నవంబరు?"

"పోయినేడాది."

"ఎక్కండి ఇక. బెల్టు."

"నన్ను వెర్రివాణ్ణి చెయ్యడానికా ఇదంతా?"

"కాదు. కళ్ళజోడు ఉంటే మీరు బండి ఎక్కకుండానే వద్దనేవారు. స్టిక్కరు చదివి, తలుపు వేసేసి, లోపలికి వెళ్ళి పేపరు పట్టుకునేవారు. ఒక్కసారి బండిని బండిలా చూస్తారేమోనని."

"అరగంట సేపు నాతో అన్ని మాటలు అనిపించావు."

"నేను అరగంట దాచాను. మీరు మూడేళ్ళు దాటేశారు."

"సరే, ఒప్పుకుంటాను. బండి బాగుంది. బాగుందని కొనేస్తామా? ఏడు నెలలు యార్డులో ఎండకి ఎండింది. బ్యాటరీ వాడకపోయినా అరిగిపోతూనే ఉంటుంది. మందు సీసా లాంటిదే అది. మూత తియ్యకపోయినా తేదీ ఆగదు."

"సగం ఛార్జింగు పెట్టి షెడ్డులో ఉంచుతారట. అడిగాను. గ్యారంటీ మన చేతికిచ్చిన రోజు నుంచి లెక్క, తయారైన రోజు నుంచి కాదు. అదీ అడిగాను, కాగితం మీద రాయించుకున్నాను. టైర్ల మీద తేదీ కూడా చూశాను."

"టైర్ల మీద తేదీ చూశావా?"

"మీతో ఇరవై తొమ్మిదేళ్ళు కాపురం చేశాను. ఆ మాత్రం అబ్బదూ?"

"మరి కొత్తదాంట్లో ఏం మారుస్తున్నారట?"

"ఒక కొత్త రంగు. తెర రెండు అంగుళాలు పెద్దది. లోపలి ప్రోగ్రాములు దీనికీ వస్తాయి, ఫోనుకి వచ్చినట్టే, ఇంట్లో నిలబెట్టి ఉండగానే."

"అమ్మేటప్పుడు ఏడాది చూస్తారు. నవంబరుదైనా సరే, పోయినేడాది పోయినేడాదే. రెండు నెలల తేడాకి సంవత్సరం నష్టం."

"అమ్మడానికి కొంటామా? నాకు ఇంకా సర్వీసు నాలుగేళ్ళు. మీ లెక్కలో నాలుగు మోడళ్ళు. మీరు ఎంచుకునేలోపు నేను రిటైరై మీ పక్కన కూర్చుని వీడియోలు చూస్తుంటాను."

"వెటకారం వద్దు."

"వెటకారం కాదండీ. నాకు నిజంగా విసుగొచ్చింది. పాల ప్యాకెట్టు దగ్గర ఓర్చుకున్నాను, పెట్టెలో అడుగున ఉన్నది తియ్యమని కొట్టువాడితో రోజూ మీరు గొడవపడితే పక్కకి తిరిగి నిలబడ్డాను. పెళ్ళి మాటలప్పుడు నా పుట్టిన తేదీ రెండుసార్లు అడిగారు, మా అక్క ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. నేనూ నవ్వాను. దీనికి నవ్వు రావట్లేదు."

"అప్పుడేం ఆలస్యం చెయ్యలేదుగా. వారంలో ఒప్పుకున్నాను."

"మీ అమ్మగారు గదమాయించారు కాబట్టి."

"... ఎంత తగ్గింది ఛార్జింగు? ఎనభై రెండు ఉండేది."

"డెబ్బై నాలుగు. దిగేటప్పుడు కొంత తిరిగొస్తుంది. మాట మార్చకండి."

"మార్చట్లేదు. కొండ మీద ఆ ఉద్యోగం సంగతేగా నువ్వు తిప్పితిప్పి చెప్పేది?"

"అవును. ఆరోగ్య కేంద్రం ఇన్‌ఛార్జి. రెండేళ్ళ కిందట నాకే ఇస్తామన్నారు. ఆరింటికల్లా అక్కడ ఉండాలి, ఆ టైముకి బస్సు లేదు. బండి వస్తోంది, చేరతానని సూపరింటెండెంటు గారికి చెప్పుకున్నాను. మీరు బుకింగు రద్దు చేశారు. నాకు చెప్పలేదు కూడా. షోరూమ్ వాళ్ళు ఫోను చేస్తే తెలిసింది."

"చెబుదామనే అనుకున్నాను."

"ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారు? నా దగ్గర ఇంజెక్షను పట్టుకోవడం నేర్చుకున్న పిల్ల. వచ్చి నాకు స్వీటు పెట్టింది. తిన్నాను. ఆ రోజు బాత్‌రూములో నీళ్ళు వదిలి ఏడ్చాను. మీకు తెలుసా?"

"తెలీదు."

"మీ మీద కోపంతో కాదు. నా మీద నాకే అసహ్యమేసింది. ఇరవై ఆరేళ్ళు వార్డులో అందరికీ ధైర్యం చెప్పిన దాన్ని, ఇంట్లో ఒక బండి తెచ్చుకోలేకపోయానని."

"అంత మాట ఎందుకు? మళ్ళీ వచ్చిందిగా అవకాశం. ఆ పిల్ల బదిలీ అయిందన్నావు. నెల్లోగా చెప్పమన్నారన్నావు."

"అన్నాను."

"నెల ఇంకా అవలేదుగా."

"అయిపోయింది."

"మరి? ఏం చెప్పావు?"

"అటు చూడండి, లారీ వస్తోందా?"

"రావట్లేదు. ఏం చెప్పావు వాళ్ళకి?"

"ఏం చెప్పమంటారు?"

"నాలుగు నెలలు ఆగమను. కొత్త మోడలు రాగానే చేరతానను. ఇంతకాలం ఆగినవాళ్ళు నాలుగు నెలలు ఆగలేరా?"

"వాళ్ళెక్కడ ఆగారు? ఆగింది నేను. అక్కడ కాన్పు నొప్పులతో వచ్చేవాళ్ళు మీ కొత్త రంగు కోసం ఆగుతారా?"

"నా మీద అరవకు. బండి నడుపుతున్నావు."

"అరవట్లేదు."

"... నిజం చెప్పనా?"

"చెప్పండి."

"ఏం లేదులే."

"చెప్పండి. ఇక్కడ మన ఇద్దరం తప్ప ఎవరూ లేరు."

"ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. పొద్దున్నే చీకటితో వెళ్తావు. వచ్చేసరికి ఏ వేళవుతుందో. స్టోరులో ఉన్నప్పుడు రోజూ వందమంది పేరు పెట్టి పిలిచేవారు. ఇప్పుడు మధ్యాహ్నం ఫోను మోగితే, అది కంపెనీ వాళ్ళ రికార్డింగు అయినా సరే, చివరిదాకా వింటున్నాను. నువ్వు వచ్చి చెప్పులు విప్పిన చప్పుడయ్యేదాకా ఇంట్లో గోడలూ నేనూ."

"అంటే బండి సంగతి కాదన్నమాట."

"బండి సంగతి కూడా."

"మూడేళ్ళు. బ్యాటరీ, సాకెట్టు, దీపాలు."

"అవన్నీ నిజాలే. నేనేం కల్పించలేదు. ప్రతిదీ తర్వాత ఏడాది వచ్చింది కదా."

"ఈ మాట మొదటిరోజే చెబితే ఏమయ్యేది? నాకు భయంగా ఉంది, ఒక్కణ్ణీ ఉండలేను అంటే నేను నవ్వుతానా? ఎన్ని లెక్కలు చెప్పించారు నాతో. వ్యారంటీ కాగితాలు, టైర్ల తేదీలు... ఆ ఒక్క మాటా అనలేక."

"అనడం రాదు నాకు."

"ఒకటి అడుగుతాను. ఈ మూడు వారాల నుంచి నేను ఎన్నింటికి వస్తున్నాను ఇంటికి?"

"నాలుగూ నాలుగుంబావుకి. ఇదివరకు ఆరయ్యేది. పొద్దున నువ్వెళ్ళేది నాకెలాగూ తెలీదు, నిద్రలో ఉంటాను. ఈ మధ్య తొందరగానే వస్తున్నావు. బస్సులు ఖాళీగా ఉంటున్నాయనుకున్నాను."

"నేను తొందరగా వస్తే బాగుందా?"

"బాగుండకేం? కలిసి టీ తాగుతున్నాం."

"మరి? అక్కడ మూడింటికి డ్యూటీ దిగుతారు. పొద్దున్నే వెళ్ళేవాళ్ళు పొద్దుండగానే వస్తారు. మీరు ఏనాడైనా అడిగారా, ఎన్నింటికి దిగుతావు అని? బండి తేదీ అడిగినన్నిసార్లు కాదు, ఒక్కసారి?"

"అడగలేదు."

"ఆ మలుపు తిరిగితే ఆరోగ్య కేంద్రం. ఒక్క మాట అనండి, అక్కడికి చేరేలోపు. చేరు అనండి. బండి ఏ ఏడాదిదైనా ఫర్వాలేదు, వెళ్ళి చేరు, అని. అంతే చాలు నాకు."

"అంత తొందరేముంది? ఆలోచిద్దాం."

"మలుపు వచ్చేసింది."

"చెప్తానులే. ఇంటికి వెళ్ళాక కాగితం మీద రెండు వైపులా రాసుకుని చూద్దాం. నాకు మాత్రం ఈ నవంబరు మింగుడుపడట్లేదు. దసరా దాకా ఆగితే ఏం పోయింది? ఆ సీటు ఎక్కడికీ పోదు."

"పోదు లెండి."

"ఇదేనా కేంద్రం? సున్నం కొత్తగా వేసినట్టున్నారు. ఆపకు, ఆదివారం మనకేం పని లోపల? ఎవరో ఇన్‌ఛార్జి ఉంటారు, బాగుండదు."

"ఉంటారు. వాచ్‌మన్ వస్తున్నాడు, మీ వైపు అద్దం దించండి."

"నేనేం మాట్లాడను బాబూ, నువ్వే చెప్పు, దారి తప్పామని."

"దించండి."

"నమస్తే మేడమ్. ఆదివారం కూడా వచ్చారేంటి? మీరు చేరిన రోజు నుంచీ ఆ షెడ్డు కింద ఇంకెవర్నీ బండి పెట్టనివ్వట్లేదు మేడమ్, ఛార్జింగు వైరు కూడా అక్కడికే లాగించాను."